రాయబారి ధర్మము

రాయబారమనగానే మన తెలుగువారికి పాండవోద్యోగము స్ఫురించును. రేడియోలో శ్రీకృష్ణ రాయబారము ప్రసారమగు రాత్రి ఇరుగుపొరుగువారు సైతము వచ్చి అరుగుమీద కూర్చుండి వినెడివారని పెద్దలు చెప్పుదురు. అయితే ఆ కథలోనే, కృష్ణుడు బయలుదేరుటకు ముందు, మరొక రాయబారము కలదు. ధృతరాష్ట్రుని పనుపున సంజయుడు ఉపప్లావ్యమునకు పోయి ధర్మరాజుతో సంధిమాటలు పలికెను. రాజ్యభాగమును గూర్చి ఒక్క ముక్కయు లేని సంధి అది. ఏలిక చెప్పుమన్న మాటను సంజయుడు చెప్పెను. కాని హస్తినకు మరలివచ్చి, దోషము నీయందే యున్నదని ఆ ఏలిక ముఖముననే చెప్పెను. ఆ రాత్రి ధృతరాష్ట్రునకు నిద్ర పట్టలేదు.

ఒకరి ఉప్పు తిని వారి మాటను లోకమునకు వినిపించు వృత్తికి ఈ రెండు పనులును కావలెను. ఏలిక మాటను బయటికి చేర్చవలెను. బయటి సత్యమును ఏలికకు చేర్చవలెను. మొదటిది చేసి రెండవది మానినచో ఏమగునో తెలుపు చరిత్ర యొకటి కలదు. అది నేటి మా ప్రసంగమునకు విషయము.

పౌరసంబంధములను మాట మనకు క్రొత్త కాదు. జిల్లా కేంద్రములలో పౌరసంబంధాధికారి యుండుట అందరెరిగినదే. అయితే ఏ ఒక్క సంస్థకును చెందక, సొమ్ము చెల్లించు పలువురు కక్షిదారుల పక్షమున పనిచేయు స్వతంత్ర కార్యాలయము అమెరికాలో పుట్టినది. దానికిని ప్రకటనల వ్యాపారమునకును భేదము కలదు. ప్రకటనదారు పత్రికలో స్థలమును కొనును. అందు తన సరకును పొగడుకొనును. అది కొన్న స్థలమని చదువరికి తెలిసియే యుండును. పౌరసంబంధ కార్యాలయము స్థలమును కొనదు. తన కక్షిదారుని మాట వార్తగానో వ్యాసముగానో సంపాదకుని చేతిమీదుగా వెలువడునట్లు చూచును. దాని బలమంతయు ఇందే కలదు. దాని అపాయమంతయు ఇందే కలదు.

1900వ సంవత్సరమున బోస్టను నగరములో జార్జి మైకేలిసు మొదలగువారు పబ్లిసిటీ బ్యూరో అను సంస్థను నెలకొల్పిరి. ఇట్టి కార్యాలయములలో మొదటిదిగా చరిత్రకారులు దీనినే పేర్కొందురు. హార్వర్డు విశ్వవిద్యాలయము దాని తొలి కక్షిదారులలో ఒకటి. 1905లో రైలు కంపెనీలు దానిని ఆశ్రయించినవి. రైలు రేట్లపై ప్రభుత్వపు అదుపును పెంచు శాసనమొకటి అప్పుడు వారి చట్టసభలో చర్చకు వచ్చియుండెను. దానికి ప్రతికూలముగా ప్రజాభిప్రాయమును కూడగట్టుట ఈ కార్యాలయమునకు అప్పగింపబడిన పని. ఊరూర వెలువడు పత్రికలను తెప్పించి చదువుట, వలసిన భాగములను కత్తిరించి భద్రపరచుట, ఏ సంపాదకుడు ఎటు మొగ్గుచున్నాడో చిన్న అట్టముక్కలపై వ్రాసి వరుసగా పేర్చుట అక్కడివారి దినచర్య. ఆ అట్టల దొంతరకు వారు బారోమీటరని పేరు పెట్టుకొనిరి. గాలివాన రాకను ముందే తెలుపు యంత్రము పేరది. ఆ పిమ్మట రైలు కంపెనీలకు అనుకూలమగు వ్యాసములు వ్రాసి, సొమ్మిచ్చినవారెవరో చెప్పక, పత్రికలకు పంపుచుండిరి. 1906లో రే స్టానర్డు బేకరు అను పత్రికా రచయిత ఈ గుట్టును మెక్‌క్లూర్సు మాసపత్రికలో బయటపెట్టెను. శాసనము అదే యేట హెప్‌బర్ను చట్టమను పేర అమలులోనికి వచ్చెను. గుట్టుగా పనిచేయు ప్రచారకునకు గుట్టు రట్టగుటయే గొప్ప ఓటమియని ఆ వృత్తివారు మొదటిసారి తెలిసికొనిరి.

ఈ పాఠమును అందరికంటె చక్కగా గ్రహించినవాడు ఐవీ లీ. ఈతడు 1877లో జార్జియా రాష్ట్రమున ఒక క్రైస్తవ మతబోధకుని యింట జన్మించెను. ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమున పట్టము పొంది, న్యూయార్కు పత్రికలలో విలేఖరిగా కొన్నియేండ్లు పనిచేసెను. పగలనక రాత్రియనక తిరిగినను విలేఖరికి వచ్చు జీతము స్వల్పము. వ్యాపార విషయములను వ్రాయుచున్న దినములలో అతడు ఒక సంగతి గమనించెను. గొప్ప కంపెనీల యజమానులు పత్రికలవారిని గుమ్మము దాటనీయరు. కావున పత్రికలలో వారిని గూర్చి వచ్చునదంతయు వారి ప్రత్యర్థులు చెప్పిన మాటయే. తలుపు మూసికొన్నవాడు తన కథను ఇతరులచే చెప్పించుకొనుచున్నాడు. తలుపు తెరచు పని తాను చేయుదునని లీ తలచెను. జార్జి పార్కరు అను పూర్వ పత్రికా రచయితతో కలిసి 1904 ప్రాంతమున న్యూయార్కులో ఒక కార్యాలయము తెరచెను.

1906లో బొగ్గుగని యజమానులు వారి కక్షిదారులైరి. 1902లో జరిగిన గొప్ప బొగ్గు సమ్మెలో కార్మిక నాయకుడైన జాన్ మిచెలు విలేఖరులతో మనసువిప్పి మాటలాడెను; యజమానుల పక్షమున నిలిచిన జార్జి బేరు పెదవి కదపడాయెను. ప్రజలు మాటలాడినవాని పక్షము వహించుట సహజము. అందుచేత రెండవమారు సమ్మె సూచనలు కనబడగానే యజమానులు లీని పిలిపించిరి. అప్పుడతడు సంపాదకులందరికి ఒక ప్రకటన పంపెను. తమది రహస్య కార్యాలయము కాదు. పనియంతయు బాహాటముగనే జరుగును. తాము పంపునది వార్తయే గాని ప్రకటన కాదు. ప్రకటనవలె తోచినచో దానిని వాడనక్కరలేదు. చెప్పిన ప్రతి విషయమును సరిచూచుకొనుటకు సంపాదకునకు తామే తోడ్పడుదురు. ఇది ఆ ప్రకటన సారాంశము. ఎవరి పక్షమున మాటలాడుచున్నామో ముందే చెప్పి మాటలాడుట అనునది నేడు సామాన్యముగ తోచవచ్చును. ఆనాడది సాహసము.

ఆ యేడే అక్టోబరు 28వ తేదీన అట్లాంటిక్ సిటీ వద్ద పెన్సిల్వేనియా రైల్వేకు చెందిన విద్యుత్తు రైలొకటి వంతెనమీదనుండి నీటిలో పడి ఏబదిమందికి పైగా మరణించిరి. అంతవరకు ప్రమాదము జరిగినచో సంగతి పొక్కనీయకుండుట రైలు కంపెనీల ఆచారము. లీ ఆ ఆచారమును తలక్రిందులు చేసెను. జరిగినది జరిగినట్లు కంపెనీ పేరనే వ్రాసి పత్రికలకు ఇప్పించెను. విలేఖరులను ప్రమాదస్థలమునకు చేర్పించెను. న్యూయార్కు టైమ్సు పత్రిక ఆ ప్రకటనను అక్షరము మార్చక అక్టోబరు 30వ తేదీన అచ్చువేసెను. నేడు ప్రతి వార్తాకార్యాలయమునకును దినదినము వచ్చి పడు పత్రికా ప్రకటనకు ఇదియే మూలపురుషుడని చాలమంది చెప్పుదురు.

ఇట్టి కార్యాలయములో పనిచేయువాని స్థితి యెట్టిదో ఇచట ఒక్క నిమిషము ఆలోచింతము. అతడు నిన్నటిదాక విలేఖరి. పాత సహచరులు అతనిని చూచి, సొమ్మునకు లొంగినవాడని చాటున నవ్వుదురు. క్రొత్త యజమానులు, ఎంతయైనను పత్రికల జాతివాడని అనుమానింతురు. చెప్పవలదని యజమాని అనును. చెప్పుమని విలేఖరి అనును. అద్దె గోడవలె అతడు ఇరువైపుల దెబ్బలు ఓర్చుకొనవలెను. అతని చేతిలోనున్న మూలధనము ఒక్కటే: ఇతడు చెప్పినది నిజమైయుండునని నిన్న కలిగిన నమ్మకము. అది ఒక్కనాటిలో సంపాదించునది కాదు. పోగొట్టుకొనుటకు మాత్రము ఒక్కనాడు చాలును.

ఆ దినము లీ జీవితములో 1914లో వచ్చెను. కొలరాడో రాష్ట్రమున 1913 సెప్టెంబరులో బొగ్గుగని కార్మికులు సమ్మెకట్టిరి. కంపెనీ యిండ్లనుండి వెడలగొట్టబడిన కుటుంబములు లడ్లో అను చోట గుడారములు వేసికొని ఆ చలికాలమంతయు గడపినవి. 1914 ఏప్రిలు 20వ తేదీన రాష్ట్ర సైనికులును కంపెనీ కావలివారును ఆ గుడారములపై కాల్పులు జరిపిరి, గుడారములు తగులబడెను. ప్రాణములు దక్కించుకొనుటకై ఒక గుడారము క్రింది గోతిలో దాగినవారిలో ఇద్దరు స్త్రీలు, పదునొకండుగురు పిల్లలు ఊపిరాడక మరణించిరి. ఆ గనుల కంపెనీలో ముఖ్య భాగస్థులు రాకెఫెల్లరులు. దేశమంతయు వారిని దుమ్మెత్తిపోసెను. చిన్న రాకెఫెల్లరు లీని ఆశ్రయించెను.

లీ సంచికలు సంచికలుగా కరపత్రములు సిద్ధపరచి దేశమునందలి సంపాదకులకు, అధికారులకు, పలుకుబడి గలవారికి పంపించెను. వానిని వ్రాసినది తూర్పుతీరమున ఫిలడెల్ఫియాలో. కాని మూటలు కట్టి కొలరాడోలోని డెన్వరునకు పంపి, అచటి గని యజమానులే వ్రాసికొన్నట్లుగా అచటి తపాలాలో వేయించిరి. పనియంతయు బాహాటముగ జరుగునని ఎనిమిదేండ్లక్రితము సంపాదకులకు మాట యిచ్చినవాడితడే. అంతటితో ఆగలేదు. కార్మిక నాయకులు సంఘమునుండి ఎంత సొమ్ము పుచ్చుకొనుచున్నారో చూపుటకు ఒక కరపత్రము ప్రకటించిన అంకెలలో, ఏడాది పొడవున చెల్లించిన మొత్తములను తొమ్మిది వారములకే చెల్లించినట్లు చూపిరి. తప్పు బయటపడిన తరువాత సవరణ వెలువడుటలో ఆలస్యము జరిగెను. సవరణ వచ్చులోపల అబద్ధము ఊళ్ళు తిరిగివచ్చెను.

పారిశ్రామిక సంబంధములను విచారించుటకు ఏర్పడిన ప్రభుత్వ సంఘము 1915లో లీని పిలిచి ప్రశ్నించెను. ఫ్రాంకు వాల్షు దాని అధ్యక్షుడు. కరపత్రములలోని విషయములు నిజమో కాదో తెలిసికొనుటకు మీరేమి శ్రమపడితిరని ఆయన అడిగెను. తాను స్వయముగా ఏ విచారణయు చేయలేదని, గని యజమానులు ఇచ్చిన సమాచారమునే వాడితినని లీ ఒప్పుకొనెను. అతడు అబద్ధమును కల్పించెనని మేము చెప్పజాలము. యజమాని యిచ్చిన కాగితమును అచ్చునకు పంపెను, అంతే. కాని ఆ అంతేలోనే ఈ వృత్తియొక్క పాపపుణ్యములన్నియు ఇమిడియున్నవి. ఇచ్చిన మాటను మోయుటకు కూలివాడు చాలును. మోయుచున్నది ఏమిటో విప్పి చూచువాడే రాయబారి. కవి కార్ల్ శాండ్‌బర్గు అతనిని కూలికి అబద్ధమాడువానిగా నిందించెను. రచయిత అప్టన్ సింక్లెయిరు అతని పేరును విషపు తీగ పేరుతో కలిపి ఒక మారుపేరు పెట్టెను. అది అతనిని జీవితాంతము వదలలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, ఇదే సందర్భమున లీ సంజయుని రెండవ పనియు కొంత చేసెను. 1914 ఆగస్టులో కొలరాడోకు తానే పోయి చూచెను. కార్మికుల కష్టములు యజమానులకు వినబడు మార్గము లేదని గ్రహించి, అట్టి మార్గము కావలెనని రాకెఫెల్లరునకు తెలిపెను. తరువాతి కాలమున కెనడా ప్రధానమంత్రియైన మెకంజీ కింగు అప్పుడు రాకెఫెల్లరునకు కార్మిక విషయములలో సలహాదారు. 1915 సెప్టెంబరులో ఆయనతో కలిసి చిన్న రాకెఫెల్లరు గనులకు పోయెను, గనిలోనికి దిగెను, కార్మికుల యిండ్లకు పోయి వారితో మాటలాడెను. కార్మికుల ప్రతినిధులతో చర్చించు ఏర్పాటొకటి జరిగెను. అది యజమాని చెప్పుచేతలలోనున్న సంఘమేయని కార్మికులలో చాలమంది విమర్శించిరి. ఆ విమర్శలో నిజము కలదు. అయినను సంచికలు సంచికలుగా వ్రాసిన కరపత్రములకంటె యజమాని గనిలోనికి దిగిన ఆ కొన్ని దినములే ఆయన పేరును ఎక్కువగా నిలిపినవి. పేరు బాగుపరచుటకు నడవడి బాగుపరచుటకంటె మించిన ఉపాయము లేదని చెప్పుటకు వేరు నిదర్శనము అక్కరలేదు.

లీ కడపటి దినములు విచారకరములు. 1933, 1934 సంవత్సరములలో అతడు జర్మనీలోని ఐ. జి. ఫార్బెన్ అను రసాయనముల కంపెనీకి సలహాదారుగానుండెను. హిట్లరు అధికారమునకు వచ్చిన దినములవి. 1934లో అమెరికా చట్టసభ ఉపసంఘము అతనిని విచారించినపుడు, ఏడాదికి 25,000 డాలర్లు పుచ్చుకొనుచున్నట్లు తేలెను. తాను అమెరికాలో వారి ప్రచారము చేయలేదని, అచటివారికి హితవు మాత్రమే చెప్పితినని అతడు సమాధానమిచ్చెను. వినువారెవరును నమ్మలేదు. ఆ యేడు నవంబరు 9వ తేదీన, 57వ యేట, అతడు మరణించెను. పరదేశముల పక్షమున పనిచేయువారు తమ పేర్లను ప్రభుత్వము వద్ద నమోదు చేసికొనవలెనను చట్టము అమెరికాలో 1938లో వచ్చెను. ఎవరి పక్షమున మాటలాడుచున్నామో ముందే చెప్పవలెనని లీ 1906లో స్వయముగా పెట్టుకొన్న నియమము ఆ విధముగా చట్టమై, ఇతరులచే విధింపబడెను.

ఈ కార్యాలయములలో పేరు బయటికి రాని పనివారును కలరు. ఎడ్వర్డు బెర్నేసు 1919లో న్యూయార్కున కార్యాలయము తెరచినపుడు న్యూయార్కు ట్రిబ్యూను పత్రికలో పనిచేసిన డోరిసు ఫ్లైష్మన్ అను వనిత అచట రచయిత్రిగా చేరెను. 1920లో నీగ్రోజాతి హక్కుల సంఘమువారి మహాసభ అట్లాంటా నగరమున జరిగినపుడు, ఆ వార్తలు పత్రికలలో వచ్చునట్లు చూచుటకు ముందుగా అచటికి పోయి సంపాదకులను కలిసినది ఆమెయే. 1922లో ఆమె బెర్నేసును వివాహమాడి, వ్యాపారములో సమభాగస్థురాలయ్యెను. పథకములను రచించుటలోను, ప్రకటనలను వ్రాయుటలోను ఆమె పాలు గొప్పది. కాని కక్షిదారుల యెదుట కూర్చుండి మాటలాడినది ఎక్కువగా భర్తయే. స్త్రీ చెప్పిన సలహాను ఆనాటి వ్యాపారులు సలహాగా లెక్కింపరని వారిరువురును ఎరుగుదురు. లోకాభిప్రాయమును మార్చు వృత్తిలోనున్నవారు తమ గది లోపలి అభిప్రాయమును మార్చలేకపోయిరి.

ఇక పొగాకు కథ. 1953 చివర, సిగరెట్టు పొగనుండి తీసిన తారును ఎలుకల చర్మముపై పూసినచో పుండ్లు పుట్టి కాన్సరగుచున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ డిసెంబరులో అమెరికా సిగరెట్టు కంపెనీల అధిపతులు న్యూయార్కులోని ప్లాజా హోటలులో సమావేశమై, జాన్ హిల్లు నడుపుచున్న హిల్ అండ్ నోల్టన్ అను పౌరసంబంధ సంస్థ సహాయము కోరిరి. 1954 జనవరి 4వ తేదీన నాలుగువందలకు పైగా పత్రికలలో కంపెనీల పేర ఒక ప్రకటన వెలువడెను. ప్రజల ఆరోగ్యమే తమకు ప్రధానమని, విషయమింకను తేలలేదని, పరిశోధనకు తాము సొమ్మిత్తుమని దాని భావము. అందలి భాష ఎంతయో మర్యాదగలది. అబద్ధమని వేలుపెట్టి చూపదగిన వాక్యములు అందు తక్కువ. అది అమ్మినది సందేహము. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక సిగరెట్టు ప్రాణాంతకమని స్పష్టము చేసిన తరువాతను ఆ సందేహము చాలకాలము అమ్ముడుపోయెను. 2006లో గ్లాడిసు కెస్లరను న్యాయమూర్తి, ఈ కంపెనీలు దశాబ్దములపాటు ప్రజలను మోసగించినవని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ననుసరించి 2017 నవంబరునుండి అవే కంపెనీలు, తమ సొంత ఖర్చుతో, పత్రికలలోను టెలివిజనులోను సత్యమును ప్రకటింపవలసి వచ్చెను. గుంటూరు, ప్రకాశము సీమలలో వర్జీనియా పొగాకు పండించు రైతులున్న మనకు ఈ కథ దూరపుది కాదు. సందేహమను పేరిట గడచిన ఆ సంవత్సరములలో ఎన్ని యిండ్ల దీపములు ఆరినవో తలచుకొన్న గుండె బరువెక్కును.

1929లో స్త్రీలచే సిగరెట్టు త్రాగించుటకు న్యూయార్కు వీథులలో ఈస్టరు పండుగనాడు ఊరేగింపు నడిపించిన బెర్నేసు, వార్ధక్యమున సిగరెట్టు ప్రకటనలకు వ్యతిరేకముగా పనిచేసెను. ముందే తెలిసియున్నచో ఆ పని చేపట్టియుండననెను. ఆ మాటను మేము శంకింపము. అయితే చేపట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నను తరువాత అడిగినచో అది పశ్చాత్తాపమగును గాని జాగ్రత్త కాదు.

మన దేశమున ఈ వృత్తివారు 1958లో బొంబాయి కేంద్రముగా ఒక సంఘముగా ఏర్పడిరి. 1968 ఏప్రిలు 21వ తేదీన ఢిల్లీలో జరిగిన వారి తొలి అఖిలభారత మహాసభ వృత్తిధర్మ నియమావళిని అంగీకరించెను. ఏటేట ఆ తేదీని వారు జాతీయ పౌరసంబంధ దినముగా జరుపుకొందురు. లడ్లో గుడారములు తగులబడినది ఏప్రిలు 20; నియమావళి పుట్టినది ఏప్రిలు 21. ఇది కేవలము యాదృచ్ఛికము. అయినను ఆ రెండు దినములను ప్రక్కప్రక్కన తలచుకొనుట ఆ వృత్తివారికి మేలు చేయునని మా నమ్మకము.

ఈ కథ చెప్పుటలో మమ్ము మేము వేరుగా నిలుపుకొనుట న్యాయము కాదు. రేడియో కేంద్రమునకును దినదినము ప్రకటనలు వచ్చును. చక్కని భాషలో, చదువుటకు అనువుగా, మా పని తేలిక చేయునట్లుగా వచ్చును. సమయము తక్కువగానున్నపుడు ఉన్నదున్నట్లు చదువుటకు మనసగును. యజమాని యిచ్చిన కాగితమును లీ విప్పి చూడలేదని నిందించిన మేము, లీ వంటివారిచ్చిన కాగితమును విప్పి చూడక చదివినచో, గొలుసులో మరియొక కడియమగుదుము. ఆ గొలుసు చివర శ్రోత యున్నాడు; అతనికి విప్పి చూచు అవకాశము లేదు. అతడు తన యింట, సాయంకాలపు భోజనము ముందు, మా గొంతును నమ్మి వినుచున్నాడు.

అందుచేత ఇంట రేడియోగల ప్రతివారికిని మా మనవి యొకటే. ఏ మాటయైనను మధురముగా వినబడినపుడు, ఇది ఎవరి మాట, ఎవరి సొమ్ముతో ఇచటికి చేరినది, సరిచూచినవారెవరు అని ఒక్కసారి అడుగుడు. మమ్ములను సైతము అడుగుడు. సంజయునకు ఆ రాత్రి ధృతరాష్ట్రుని యెదుట నిలిచి మాటలాడు ధైర్యమెచటనుండి వచ్చెనో గాని, నేటి రాయబారులకు అది శ్రోతల ప్రశ్నలనుండియే రావలెను.